సముద్రానికి తెర కట్టని ఆండాలు

సూర్యాపేటలో పెళ్ళి కుదిరిన ఇంటివాళ్ళు అయ్యగారితో ముహూర్తం పెట్టించుకున్నాక, వెంటనే చేసే ఫోన్ ఆండాలుకే. ఒకప్పుడు పాత బస్టాండు దగ్గర గంప పెట్టుకుని మల్లెపూలు మూరల లెక్కన అమ్మిన మనిషి. ఇప్పుడు సూర్యాపేటే కాదు, కోదాడలో గానీ మిర్యాలగూడలో గానీ కాస్త పేరున్న పెళ్ళి జరిగిందంటే మండపం ఆమె చేతి మీదుగా లేవాల్సిందే. పుట్టిల్లు చివ్వెంల పక్కన పల్లె. భర్త కాటయ్య ట్రాలీ ఆటో నడుపుతాడు. హైదరాబాదు మార్కెట్ నుంచి పూలు తెచ్చేదీ, నిచ్చెన పట్టుకునేదీ, నిచ్చెన మీదున్న భార్యను "ఇగ సాలు, దిగు" అని బతిమాలేదీ అతనే. కొడుకు రవి పెరిగి మొబైల్ షాపు పెట్టుకున్నా, ఆమె కాటయ్యను ఇప్పటికీ "రవి నాయినా" అనే పిలుస్తుంది.

ఆండాలు పనికి ఒకటే సూత్రం. గోడ కనపడకూడదు.

ఫంక్షన్ హాళ్ళ గోడలు ఎట్లా ఉంటాయో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. పెచ్చులూడిన సున్నం, నీళ్ళు కారిన చారలు, ఏసీ పైపులు, పాత ఫంక్షన్ల మేకులు. వాటన్నిటినీ పట్టుతెరలతో, థర్మోకోల్ చెక్కడాలతో, బంతిపూల బారులతో కప్పేసేది. పెళ్ళికూతురి ఫొటోలో తల వెనక స్విచ్చు బోర్డు కనిపించిందంటే ఆ రాత్రి ఆమెకు అన్నం సయించేది కాదు.

ఆ సూత్రం ఆమెకు ఒంటబట్టింది మిర్యాలగూడ ప్రేమలత దగ్గర. రైసుమిల్లు నాగేశ్వర్ రావు భార్య. వాళ్ళమ్మాయి లాస్యను తొట్టెలలో వేసిన రోజు ఆండాలు మొదటిసారి ఒక ఇంటిని అలంకరించింది. మిల్లు పక్కనే ఇల్లు. గోడల నిండా తవుడు పొడి. ప్రేమలత ఆ గోడల వంక విసుగ్గా చూసి, "నాకీ గోడ కనపడొద్దు ఆండాలూ, ఏం జేస్తవో చెయ్" అన్నది. ఆండాలు చేసింది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఏ శుభకార్యమైనా ఆమెదే. లాస్య చెవులు కుట్టించినప్పుడు ఏడుస్తుంటే ఒళ్ళో కూర్చోబెట్టుకుని కనకాంబరాలు చేతికిచ్చి ఊరుకోబెట్టింది కూడా ఆండాలే. ఆ పిల్ల ఆమెను అత్తా అని పిలుస్తుంది.

ఆ లాస్యకే పోయిన ఏడాది సంబంధం కుదిరింది. అబ్బాయి యశ్వంత్ హైదరాబాదువాడు. వాళ్ళు ఎంగేజ్‌మెంట్ ఓడలో చేద్దామన్నారు. చెన్నైలో ఎక్కి, సముద్రం మీద తిరిగి మళ్ళీ చెన్నైలోనే దిగే విహారపు ఓడ. ప్రేమలత ఆ వార్త చెప్పడానికి ఫోన్ చేయలేదు, కారేసుకుని సూర్యాపేటకే వచ్చింది.

"నువ్వు గూడ రావాలె," అన్నది చెప్పులు విడుస్తూనే.

"షిప్పుల నాకేం పనమ్మా? గాడ వాళ్ళ డెకరేషనోళ్ళు వాళ్ళకుంటరు."

"ఉండనీ. లాస్య ముందు నీ పేరే చెప్పింది. అత్త రాకపోతే నాకొద్దు ఆ షిప్పు అన్నది. నువ్వూ మీ ఆయన ఇద్దరు రాండ్రి. టికెట్లు అన్నీ మేమే చూసుకుంటం. ఒక్కటే మాట ఆండాలూ, వియ్యపురాలు జర గొప్పల మనిషి. నిండుగ ఉండాలె. గోడ కనపడొద్దు."

కాటయ్య ఈ మాటలన్నీ గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. వాడపల్లిలో మూసీ కృష్ణలో కలిసే చోట నడుము లోతు నీళ్ళలో నిలబడి స్నానం చేయడానికే గట్టు మీది మనిషి చెయ్యి పట్టుకునే రకం అతను. ప్రేమలత కారు మలుపు తిరిగాక, "నేను రాను," అన్నాడు. మర్నాడు పొద్దున ఆండాలు లేచేసరికి అతనే తెరల మూటలు కట్టడం మొదలుపెట్టాడు.

చెన్నై రేవులో దిగి తలెత్తి చూసిన ఆండాలుకి ముందు అది ఓడ అనిపించలేదు. ఒడ్డున ఎవరో తెల్లటి వీధి ఒకటి నిలువునా కట్టారనుకుంది. ఒక అంతస్తు మీద ఇంకో అంతస్తు, ప్రతి అంతస్తులోనూ వరసగా బాల్కనీలు, ఒక్కటి కూడా వరస తప్పకుండా. దారానికి పూసలు గుచ్చినట్టున్నాయి. చివరికి వచ్చేసరికి ఆ బారులన్నీ మెల్లగా వంగి, దగ్గరికి చేరి, ముందు ముక్కు దగ్గర ఒకే గీతలో కలిసిపోయాయి. ఆ గీతను ఆండాలు కింద నుంచి పై దాకా కళ్ళతో రెండు మూడుసార్లు గీసుకుంది. గీసినవాళ్ళ చెయ్యి ఎక్కడా వణికినట్టు లేదు. తెల్లటి ఒంటి మీద ప్రమాదం వస్తే దిగే చిన్న పడవలు బంతిపూల రంగులో వరసగా వేలాడుతున్నాయి.

"తెలుపు మీద ఆ రంగు ఎవరో తెలిసినోళ్ళే పెట్టిండ్రు," అన్నది.

"రంగు సంగతి సరే," అన్నాడు కాటయ్య. "అంత ఇనుము నీళ్ళ మీద ఎట్ల నిలవడ్డదో అది చెప్పు."

అసలు చిక్కు లోపలికి వెళ్ళే చోట వచ్చింది. తనిఖీవాళ్ళు మూటలు విప్పించారు. మంట అంటుకోని రకం గుడ్డ అయితేనే ఓడలోకి రానిస్తామన్నారు. పట్టుతెరలు పక్కన పెట్టారు. థర్మోకోల్ అసలే వద్దన్నారు. మేకులు, కట్టుతీగ, దీపాలు, నూనె అన్నీ పోయాయి. కోయంబేడు మార్కెట్లో తెల్లారి కొన్న పూలు మాత్రం మిగిలాయి. ప్రేమలత ముఖం పాలిపోయింది. నాగేశ్వర్ రావు ఆ అధికారితో ఇంగ్లీషులో, హిందీలో మాట్లాడి చూసి, చివరికి ట్రావెల్స్ మనిషికి మూటలు అప్పజెప్పి చేతులు దులుపుకున్నాడు.

"ఇప్పుడెట్ల ఆండాలూ?" అని ప్రేమలత ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ముందుగాల హాలు సూద్దాం పాండ్రమ్మా," అన్నది ఆండాలు.

లోపల అడుగు పెట్టగానే మూటల సంగతి కాసేపు మరిచిపోయింది. ఓడ నడుమ అంతస్తులన్నీ కోసి తీసినట్టు పెద్ద ఖాళీ. ఆ ఖాళీలోకి చుట్టూ ఉన్న అంతస్తుల అంచులు అలల్లా ముందుకు వచ్చి వెనక్కి పోతున్నాయి. అంచు కింద నుంచి వెలుగు వస్తోంది కానీ బల్బు ఎక్కడా కనపడదు. అద్దాల లిఫ్టు ఒకటి చప్పుడు లేకుండా పైకి పోతుంటే లోపలి మనుషులు నీళ్ళలో తేలుతున్నట్టున్నారు. ఆండాలు అలవాటుగా గోడల వంక చూసింది. మేకు మచ్చ లేదు. పైపు లేదు. మూలలు కూడా లేవు. రెండు గోడలు కలిసే ప్రతి చోటా గుండ్రంగా తిప్పేశారు. ఇన్నేళ్ళ పనిలో మొదటిసారి ఆమె కళ్ళకు దాచాల్సింది ఒక్కటీ దొరకలేదు.

అలంకరణల పని చూసే గోవా అమ్మాయి ఒకామె వాళ్ళను కలిసింది. ఆండాలుకి సూర్యాపేట బజార్లో నేర్చిన హిందీ ఉంది. ఆ అమ్మాయికి ఓపిక ఉంది. హాలు వైపు నడిపిస్తూ అడిగినవన్నీ చెప్పింది. ఓడ ఊగినప్పుడు మనిషి తూలితే దెబ్బ తగలకుండా మూలలు గుండ్రంగా చేస్తారట. పైకప్పులు నిజానికి ఎత్తు తక్కువట, అంచుల్లో వెలుగు దాచడం వల్ల ఎత్తుగా తోస్తాయట. ఎక్కడ నిలబడినా సముద్రం ఎటువైపుందో మనిషికి తెలుస్తూ ఉండాలని కిటికీలు పెడతారట, లేకపోతే ఇంత పెద్ద ఓడలో జనానికి ఊపిరాడనట్టు ఉంటుందట.

"గిది కట్టినోళ్ళు మనిషి మీద ప్రేమ ఉన్నోళ్ళు," అన్నది ఆండాలు తెలుగులోనే. గోవా అమ్మాయికి మాట అర్థం కాలేదు కానీ ఆ ముఖం చూసి నవ్వింది.

హాలు ఓడ వెనక కొసన ఉంది. రెండంతస్తుల ఎత్తు. పై అంతస్తు నుంచి ఒక మెట్ల వరస నెమలి మెడలా వంపు తిరుగుతూ కిందికి దిగుతుంది. వేదిక ఉండే వైపు గోడే లేదు. నేల నుంచి కప్పు దాకా అద్దం. అద్దం అవతల రేవు, క్రేన్లు, వాటి వెనక ఎండలో చెన్నై.

ప్రేమలత ఆ అద్దాన్ని చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఇంత పెద్దదా? దీన్ని దేనితోని కప్పుతవ్? ఉన్న పూలు సగానికి గూడ రావు."

ఆండాలు పై అంతస్తుకెక్కి, మెట్ల పక్క కడ్డీ మీద చెయ్యి పెట్టి పైనుంచి కింది దాకా నడిచింది. గుండ్రటి కడ్డీ, చేతికి సరిగ్గా అమిరే లావు. ఎక్కడా అతుకు తగల్లేదు. కిందికి వచ్చి, "దీన్ని కప్పను అమ్మా," అన్నది మెల్లగా.

"ఏంది?"

"అద్దాన్ని గట్లనే ఉంచుదాం. అడుగున నేల మీద బంతిపూలు వరసగ పెడ్త. మెట్ల కడ్డీకి మల్లెదండ చుడ్త. దానికి ముడులు గూడ అక్కర్లేదు, చుట్టుకుంటూ పోతే నిలుస్తది. ఇగ ఏం వద్దు."

ప్రేమలత నమ్మలేనట్టు చూసింది. "ఖాళీగ? నా బిడ్డ ఎంగేజ్‌మెంట్‌ల? వియ్యపురాలు ఏమనుకుంటది ఆండాలూ, వీళ్ళు పూలకు మొకం వాచినోళ్ళనుకోదా? మూటలు పోయినయని నువ్వు గూడ చేతులెత్తేస్తున్నవా?"

ఆ చివరి మాట ఆండాలుకి గుచ్చుకుంది. పాతికేళ్ళలో ప్రేమలత ఆమెను ఎన్నో తిట్టింది కానీ ఈ మాట అనలేదు. అయినా కోపం తెచ్చుకోలేదు. అతిథులు కూర్చునే కుర్చీ ఒకటి లాగి వేదికకు ఎదురుగా వేసింది.

"జర గీడ కూసోండ్రి. షిప్పు కదిలేదాక కూసోండ్రి. అప్పటికీ మీకు నచ్చకపోతే నా చీరలన్న కడ్త."

ప్రేమలత కూర్చుంది, మూతి బిగించుకునే. ఆండాలు పక్కన నేల మీద కూర్చుని మల్లెదండ కట్టడం మొదలుపెట్టింది. కాసేపటికి కాళ్ళ కింద సన్నటి వణుకు పుట్టింది. అద్దం అవతల రేవు గోడ తనంతట తాను పక్కకు జరిగింది. క్రేన్లు చిన్నవయ్యాయి. ఊరు సన్నటి గీతైపోయింది. ఓడ వెనక నీళ్ళ మీద తెల్లటి దారి ఒకటి పడి, విచ్చుకుంటూ, ఆ గీత దాకా పరుచుకుంది. పొద్దు దానిమీదికి దిగుతోంది. హాలు నేల, కుర్చీలు, ప్రేమలత చేతి గాజులు అన్నీ పసుపు పూసినట్టయ్యాయి.

ప్రేమలత బిగించిన మూతి ఎప్పుడు విడిందో ఆమెకే తెలియదు. చివరికి, "నాగార్జునసాగర్ చూసినప్పుడు గూడ గిట్ల కాలేదు నాకు," అన్నది. గాజులు సర్దుకుంటూ, "సరే గని, మల్లెలు పల్చగైతే ఊకోను," అన్నది. ఆండాలు తలొంచుకుని దండ కట్టుకుంటూ పోయింది. నవ్వు కనపడితే మళ్ళీ ఏమంటుందోనని.

ఈలోపు కాటయ్య తప్పిపోయాడు. గదిలో పడుకుని, కళ్ళు తిరుగుతున్నాయని బయటికి వచ్చాడట. వరండా పొడుగునా ఒకే రకం తలుపులు, ఎటు చూసినా ఒకటే. చాలాసేపు తిరిగాక, గదులు తుడిచే అతను ఒకడు కనిపిస్తే హాలెటని అడిగాడు. అతను కిందికి చూడమని సైగ చేశాడు. తివాచీ మీద చిన్న చిన్న చేపల బొమ్మలు నేసి ఉన్నాయి. అన్నిటి తలలూ ఒకే వైపు, ఓడ ముక్కు వైపు. తోకలు హాలున్న వైపు. కాటయ్య తోకలు చూసుకుంటూ నడిచి వచ్చి హాలు గుమ్మంలో నిలబడ్డాడు.

"చేపలు దోవ చూపెట్టినయే," అన్నాడు. నీళ్ళ భయం ఎటు పోయిందో పోయింది. ఆ సాయంత్రమంతా దొరికిన మనిషికల్లా ఆ చేపలు చూపించాడు. నాగేశ్వర్ రావును కూడా వదల్లేదు.

మర్నాడు పొద్దు వాలుతుండగా ఎంగేజ్‌మెంట్. లాస్య పై అంతస్తు నుంచి మెట్లు దిగింది. కడ్డీ పొడుగునా ఆండాలు చుట్టిన మల్లెలు. పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి ఆ మల్లెల మీద ఆనించి, వంపు తిరిగేటప్పుడల్లా ఒకసారి కనపడి ఒకసారి మరుగవుతూ దిగుతుంటే జనం మాటలు వాటంతటవే తగ్గిపోయాయి. ఆ మెట్లను అంత వంపు ఎందుకు తిప్పారో ఆండాలుకి అప్పుడు తెలిసింది. నిటారుగా ఉంటే దిగడం ఒక్క క్షణంలో అయిపోయేది.

ఉంగరాలు మార్చుకునే వేళకు ఓడ దిశ తిరిగింది. అద్దంలో సూర్యుడు మెల్లగా ఎడమ నుంచి కుడికి నడిచాడు. అతనితో పాటు నేల మీద అందరి నీడలూ తిరిగాయి. ఆండాలు ఎన్ని మండపాలు కట్టింది, ఎన్ని లైట్లు పెట్టించింది. వెలుగే లేచి నడవడం ఎన్నడూ చూడలేదు. వియ్యపురాలు ప్రేమలత దగ్గరికి వచ్చి, "ఈ ఐడియా ఎవరిదండీ?" అని అడిగింది. ప్రేమలత గోడ పక్కన నిలబడ్డ ఆండాలును రెక్క పట్టి ముందుకు లాగింది. "మా ఆండాలుది. మాకు తెల్వదు ఇట్లాంటివి," అన్నది.

అంతా అయ్యాక లాస్య వచ్చి తన అరచెయ్యి ఆండాలు ముక్కు దగ్గర పెట్టింది. "వాసన చూడు అత్తా. చెయ్యి కడుక్కోవద్దనిపిస్తుంది." ఆండాలు ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. చెవులు కుట్టిన నాటి చెయ్యే, కాస్త పెద్దదైంది. "అన్నం తిను పో," అన్నది.

ఇంటికి వచ్చాక ఆండాలు మునుపటి ఆండాలు కాదు. ఏ హాలుకు వెళ్ళినా ముందు కిటికీలు వెతికేది. మూలలు చేత్తో తడిమి చూసేది. కాటయ్య ఇదంతా సముద్రపు గాలి వల్ల అని, కొన్నాళ్ళకు తగ్గిపోతుందని అనుకున్నాడు.

తగ్గలేదు సరికదా, కోదాడలో చిక్కు తెచ్చిపెట్టింది. హైవే పక్కన ఫూల్‌సింగ్ అనే ఆయన ఫంక్షన్ హాలు ఉంది. స్టేజీ వెనక పెద్ద కిటికీ ఒకటి ఉందని, దాన్ని ఎప్పుడో ప్లైవుడ్ కొట్టి మూసేశారని ఆండాలుకి తెలుసు. ఒక పెళ్ళికి ఆమె ఆ ప్లైవుడ్ తీయించింది. బయట వరి పొలం, దాని మధ్యలో కాలువ. కళ్ళు చల్లబడ్డాయి. తెరలు కట్టకుండా కింద పూలు మాత్రం పెట్టింది.

పెళ్ళి మొదలైన కాసేపటికే ఫొటోగ్రాఫర్ నెత్తి పట్టుకున్నాడు. వెనక నుంచి పొలం మీది ఎండ దూసుకొస్తుంటే పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు ఇద్దరూ బొగ్గుబొమ్మల్లా పడ్డారు. పెళ్ళివారు గోల చేశారు. ఆండాలు తలొంచుకుని పరుగున తెర తెచ్చి కట్టింది. ఇంటికి వెళ్తుంటే ఆటోలో కాటయ్య అన్నాడు, "షిప్పు వేరే, కోదాడ వేరే ఆండాలూ."

"సూర్యుడు గా ఒక్కడే గద," అన్నది ఆమె.

ఇంటికెళ్ళి, ఓడలో నంబరిచ్చిన గోవా అమ్మాయికి ఫోన్ చేసింది. ఆ అమ్మాయి నవ్వి, ఓడ అద్దానికి సన్నటి రంగు పొర ఉంటుందని, కింది అంచు నుంచి పైకి కాస్త వాలుగా నిలబెడతారని, మనుషుల ముఖాల మీదికి ఎదురు నుంచి మెత్తటి వెలుగు పడేట్టు దీపాలు దాస్తారని చెప్పింది. ఆండాలు ఫూల్‌సింగ్ ఇంటికి వెళ్ళి కూర్చుంది. ఒకసారి పరువు పోయిన హాలు, ఆయన ఒప్పుకుంటాడని కాటయ్యకు నమ్మకం లేదు. ఫూల్‌సింగ్ టీ తాగుతూ అంతా విని, "నాక్కూడ ఆ ప్లైవుడ్ అంటే మంటనే. తీసినంక పొలం కనపడ్డది, మా తండా యాదికొచ్చింది," అన్నాడు. అద్దానికి రంగు పొర వేయించాడు. స్టేజీని కిటికీకి అడ్డంగా కాకుండా పక్కకు తిప్పారు. దీపాలు అంచు కింద దాచారు.

ఈ వేసవి తర్వాత, నాట్లు పడ్డాక, ఆ హాల్లో మళ్ళీ ఒక పెళ్ళి. పెళ్ళికూతురి నాయనమ్మ లక్ష్మీకాంతమ్మ కోదాడ మనిషి. లోపలికి రాగానే, "ఇదేంటమ్మా, గోడకి ఏమీ కట్టలేదేంటి? డబ్బులు మిగుల్చుకున్నావా?" అని ఆండాలును నిలదీసింది. ఆండాలు ఆమెను చెయ్యి పట్టి నడిపించి కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. ముసలామె కళ్ళజోడు సర్దుకుని బయటికి చూసింది. లేత పచ్చ మడుల మీద గాలి పోతోంది.

"ఆ మడి ఎవరిది? నాట్లు మరీ దగ్గర దగ్గరగా వేశారు," అన్నది. పక్కనున్న మగపెళ్ళివారి పెద్దాయన కుర్చీ జరుపుకుని తమ హాలియా వైపు ఎట్లా వేస్తారో చెప్పడం మొదలుపెట్టాడు. ఇంకో ఇద్దరు లేచి వచ్చారు. తలంబ్రాలు అయ్యేదాకా అక్కడ పొలం కబుర్లే.

కాటయ్య భార్య చెవి దగ్గరికి వంగి, "నీ డెకరేషన్ గురించి ఒక్కలు మాట్లాడ్తలేరు," అన్నాడు.

"మాట్లాడకపోతే పాయె," అన్నది ఆండాలు. "కిటికీ కాడ కూసున్నోళ్ళు ఎవ్వలు లేస్తలేరు సూడు." విస్తరి తెచ్చుకుని, తనూ ఆ కిటికీ వైపే తిరిగి కూర్చుని తినడం మొదలుపెట్టింది.